మా చారాణకు ఏం పెట్టాలి?

పిల్లి అనగానే మనందరికీ మొదట గుర్తొచ్చేది పాలు. "పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగినట్టు" అని సామెత కూడా ఉంది. తెనాలి రామలింగడి కథలో రాయలవారు ఎలుకల బాధ పోవడానికి పిల్లిని ఇస్తూ, దాని పాల కోసం ఒక ఆవును కూడా ఇస్తాడు. రామలింగడు మొదటిరోజే కాగే కాగే పాలు పెట్టి, పాలగిన్నె కనిపిస్తే చాలు ఆ పిల్లి పారిపోయేటట్టు చేస్తాడు. ఆ కథ చదివి రామలింగడి తెలివికి నవ్వుతాం, పాలు లేని పిల్లిని తలచుకొని అయ్యో అనుకుంటాం. పిల్లి బతకాలంటే పాలు ఉండాల్సిందేనని మన నమ్మకం. ఈ వానాకాలంలో మా ఇంటికి ఒక పిల్లిపిల్ల వచ్చాక నాకు తెలిసిన సంగతి వేరు. మన చాల్‌లలో ప్రతి వానకూ ఎవరో ఒకరి ఇంటికి పిల్లిపిల్ల చేరుతూనే ఉంటుంది. అందుకే ఇది మీకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

మేము కామాటిపురలో ఒక పాత చాల్‌లో రెండో అంతస్తులో ఉంటాం. ఒకటే గది, పైన చిన్న మాళా. నాయినమ్మ, బాపు, అమ్మ, నేను, తమ్ముడు – ఐదుగురం. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చి, రాళ్ళు మోసి ఈ ఊరి మేడలు కట్టిన కామాటీల వల్లనే మన పేటకు ఆ పేరు వచ్చిందని మీకు తెలుసు. మా నాయినమ్మది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. అమ్మ ఇంట్లో కూర్చొని బీడీలు చుడుతుంది. బాపు రంగులు వేసే పనికి పోతాడు, వానలు మొదలైతే ఆ పని సగానికి సగం బంద్ అవుతుంది. అంటే వానాకాలం మా ఇంట్లో చెయ్యి బిగపట్టి ఖర్చు పెట్టే కాలం. ఎలుకలు మటుకు అదే కాలంలో ఎక్కువ. మోరీలో నీళ్ళు నిండగానే పైకి ఎక్కి వస్తాయి. బియ్యం సంచీ కొరుకుతాయి, అమ్మ తడిపి పెట్టిన తునికాకు కట్టలు కొరుకుతాయి.

బడి తెరిచిన రెండు వారాలకు, జూన్ చివర్లో, పెద్ద వాన పడి గల్లీలో మోకాళ్ళ దాకా నీళ్ళు నిలిచాయి. ఆ రాత్రి మెట్ల కింద నీళ్ళ డ్రమ్ము వెనుక పిల్లికూన ఒకటి ఏడుస్తోంది. తల్లి పిల్లి తిండి కోసం పోయి ఉంటుంది, మనం ముట్టుకోవద్దని బాపు అన్నాడు. ఒక రాత్రి, ఒక పగలు చూశాం. తల్లి రాలేదు. కూన అరుపు కూడా తగ్గిపోయింది. అప్పుడు తమ్ముడు దాన్ని తువ్వాలలో చుట్టి పైకి తెచ్చాడు. తెల్లటి ఒంటి మీద రెండు నల్ల మచ్చలు, నీలం కళ్ళు, సూదిమొనల్లాంటి పళ్ళు. కింద కిరాణా దుకాణం సేటు తన తక్కెడలో పెట్టి చూస్తే 380 గ్రాములు. "చారాణ అంత లేదు, దీని గొంతు మాత్రం రూపాయంత ఉన్నది" అంది నాయినమ్మ. అట్లా దాని పేరు చారాణ అయింది.

మొదటి రెండు రోజులు ఏ ఇంట్లో అయినా జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. నాయినమ్మ తన చాయ్ పాలల్లోంచి కొంచెం తీసి, గోరువెచ్చగా చేసి, అన్నం మెతుకులు నలిపి వేసి పెట్టింది. చారాణ గిన్నెలో మూతి పెట్టి గటగటా తాగింది. అందరం సంతోషపడ్డాం. పక్కింటి అత్త కూడా వచ్చి చూసి, రేపటి నుంచి పావు లీటరు పాలు ఎక్కువ పోయించుకోమని చెప్పింది. మరునాడు పొద్దునకు కూనకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకు లేచి నిలబడలేకపోయింది. మెడ దగ్గర చర్మం పట్టుకొని వదిలితే అట్లనే మడత పడి ఉండిపోయింది. తూకం వేస్తే 350 గ్రాములు. వచ్చినదే అంత చిన్న ప్రాణం, అందులో 30 గ్రాములు పోయింది. తమ్ముడు అన్నం తినలేదు.

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నన్ను వెంట తీసుకొని బయలుదేరింది. ముంబయి సెంట్రల్‌లో లోకల్ ఎక్కి ప్రభాదేవిలో దిగి, వంతెన దాటి పరేల్‌కు వెళ్ళాం. అక్కడ బాయి సాకర్‌బాయి దిన్షా పెటిట్ జంతు ఆసుపత్రి ఉంది. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటిది. చెట్ల కింద వరుసగా కుక్కలు, పిల్లులు, పావురాలు, ఒక మేక – అన్నిటి పక్కనా మనుషులు మన మునిసిపల్ దవాఖానాలో లాగానే చీటీలు పట్టుకొని కూర్చున్నారు. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ చారాణ నోరు తెరిచి పళ్ళు చూసి, వయసు 5 వారాలు ఉంటుందని చెప్పింది. చర్మం కింద సెలైన్ ఎక్కించింది. నులిపురుగుల మందు ఎప్పుడు వేయాలో రాసింది. తర్వాత "ఏం పెడుతున్నారు?" అని అడిగింది. అమ్మ పాలు అని చెప్పగానే నవ్వింది. రోజుకు పదిమంది అదే చెబుతారట.

డాక్టరమ్మ చెప్పిందీ, తర్వాత మా సైన్స్ టీచర్‌ను అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించడానికి కడుపులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పిల్లికూన తల్లి పాలు మానే వయసుకు వచ్చేకొద్దీ ఆ ఎంజైమ్ తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లో నీళ్ళను లాక్కొని విరేచనాలు తెస్తుంది. పెద్ద పిల్లికైతే కడుపునొప్పితో పోవచ్చు గానీ, అరకిలో కూడా లేని కూనకు ఒంట్లో నీళ్ళు పోతే ప్రాణమే పోతుంది. ఇంకొక సంగతి. ఆవు పాలలో మాంసకృత్తులు 3 శాతం పైచిలుకు ఉంటే, తల్లి పిల్లి పాలలో అంతకు రెట్టింపు ఉంటాయి. అంటే పాలతో చారాణ కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు పెరగదు. అన్నం మెతుకులూ అంతే.

పిల్లి అసలు మాంసాహారి. మనుషులు, కుక్కలు రెండు రకాలూ తిని బతకగలరు, పిల్లికి అది కుదరదు. సుమారు పదివేల ఏళ్ళ కింద పశ్చిమాసియాలో మనుషులు ధాన్యం నిలవ చేయడం మొదలుపెట్టినప్పుడు, ఆ గింజల కోసం వచ్చిన ఎలుకల వెనుక వచ్చిన అడవిపిల్లులే ఇప్పటి ఇంటిపిల్లుల పూర్వీకులు. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి ఎముకలు దొరికాయి. అన్ని వేల ఏళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నా దాని కడుపు మాత్రం వేటగాడి కడుపే. తీపి రుచి దాని నాలుకకు తెలియదట. మన రాణీబాగ్‌లో పులిని చూసి దీనికి పాలూ అన్నం పెడదాం అని ఎవరూ అనుకోరు కదా. చారాణ కూడా ఆ ఇంటి బిడ్డే.

పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. అది లేకపోతే నెమ్మదిగా చూపు పోతుంది, గుండె బలహీనమవుతుంది. టారిన్ లేకపోతే గుండె బలహీనమవుతుందని 1987లో అమెరికాలో పాల్ పయన్ అనే పశువైద్యుడూ ఆయనతో పనిచేసినవాళ్ళూ కనిపెట్టారు. అప్పటి దాకా దుకాణాల్లో అమ్మే పిల్లి తిండిలో కూడా చాలినంత టారిన్ లేక చాలా పిల్లులు గుండెజబ్బుతో చనిపోయేవట. ఆ తర్వాత కంపెనీలు దాన్ని ఎక్కువగా కలపడం మొదలుపెట్టాయి.

మరి మాంసం పెడితే సరిపోతుందా? అది కూడా పూర్తిగా సరిపోదు. ఎముక లేని కోడిమాంసం ఒక్కటే పెడుతూ పోతే కాల్షియం అందక కూన ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. కార్జం ఎక్కువైతే విటమిన్ ఎ ఎక్కువై అదీ చెరుపే. ఉడికించిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. మన ఇంటి కూర అసలే పనికిరాదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. ఉల్లి, ఎల్లి లేని కూర మా ఇంట్లో ఎప్పుడైనా ఉంటుందా! అందుకని డాక్టరమ్మ ఇట్లా చెప్పింది: విరేచనాలు తగ్గేదాకా ఉప్పూ కారం లేకుండా ఉడికించి సన్నగా చిదిమిన కోడిమాంసం, రోజుకు ఐదుసార్లు, ఒక్కోసారి రెండు చెంచాలు. తర్వాత పిల్లికూనల కోసమే చేసిన గింజల తిండి వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టాలి. కోడిమాంసం పైన కొంచెం మాత్రమే. తాగడానికి ఎప్పుడూ మంచినీళ్ళు. పెద్ద పిల్లుల ప్యాకెట్టు, కుక్కల ప్యాకెట్టు కూనకు వద్దు.

దుకాణంలో అరకిలో ప్యాకెట్టు ధర విని అమ్మ ఒక్క నిమిషం మాట్లాడలేదు. అది ఎన్ని వందల బీడీల కూలో మనసులో లెక్క వేసుకున్నట్టుంది. "చారాణ కోడికి బారాణ మసాల అంటే ఇదే" అంది. అయినా కొన్నది. ఇంటికి వచ్చాక నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. చారాణ రోజుకు తినేది 25 గ్రాములు కూడా లేదు. అంటే ప్యాకెట్టు దాదాపు 3 వారాలు వస్తుంది. పక్కింటి అత్త చెప్పినట్టు రోజూ పావు లీటరు పాలు పోయించుకుంటే అదే 3 వారాలకు 5 లీటర్లు దాటుతుంది. ఆ పాల డబ్బుతో ప్యాకెట్టు వచ్చేస్తుంది. లెక్క చూసి బాపు, "వారానికి ఎంతయితదో రాసి పెట్టు" అన్నాడు. అప్పటి నుంచి నా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో తేదీ, తూకం, ఖర్చు రాస్తున్నాను.

కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. నాయినమ్మకు చెప్పడం. పాలు మానెయ్యాలని అమ్మ చెప్పగానే నాయినమ్మ ముఖం చిన్నబోయింది. "పాలు పోస్తే పాపమా? మా ఊళ్ళె పిల్లులన్నీ పాలు తాగే బతికినయ్" అంది. రెండు రోజులు చారాణ వైపు చూడలేదు. ఆమె చేతుల మీదుగా ఈ చాల్‌లో ఎంతమంది పిల్లలు పెరిగారో. తన చాయ్‌లో పాలు తగ్గించుకొని పెట్టిన మనిషికి, నువ్వు పెట్టింది మంచిది కాదు అని ఎట్లా చెప్పాలి? నేను ఊరి పిల్లుల గురించే అడిగాను. అవి ఇంకా ఏం తినేవి నాయినమ్మా అని. వడ్లగాదె దగ్గర ఎలుకలు, పిట్టలు, తొండలు అని తానే లెక్కపెట్టింది. "మరి పాలు రోజూ తాగేవా?" అంటే కాసేపు ఆలోచించి, "దొరికిన్నాడు తాగేటియి" అంది. ఆ తర్వాత ఇంకేం అనలేదు. ఆ సాయంత్రం కోడిమాంసం చిదిమి పెట్టింది నాయినమ్మే. నా వేళ్ళకంటే ఆమె వేళ్ళు సన్నగా చిదుముతాయి.

చేపల సంగతి కూడా చెప్పాలి. మా గల్లీకి వచ్చే చేపల మావశీ చారాణను చూసి ముచ్చటపడింది. కానీ మహారాష్ట్రలో జూన్ 1 నుంచి జులై 31 దాకా యంత్రపు పడవలతో వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, సముద్రం కూడా పొంగి ఉంటుంది. అందుకని ఆ రెండు నెలలూ ఆమె గంపలో ఎక్కువగా ఎండు బొంబిళ్ళు, ఎండు రొయ్యలే. వాటి వాసనకు చారాణ గ్యాలరీ కటకటాల దాకా పరుగెత్తేది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, కూనకు మంచిది కాదు. నారళీ పున్నమి దాటాక మావశీ రెండు పచ్చి మాందేళ్ళు ఊరికే ఇచ్చింది. అవి కూడా పచ్చిగా పెట్టలేదు. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఉడికించి, ముళ్ళు తీసి పెట్టాం. వారానికి ఒకటి రెండుసార్లు, పండుగ భోజనం లాగా.

మొదటి ప్యాకెట్టు అయిపోవస్తుండగా, అడుగంటక ముందే అమ్మ కొత్తది తేవడానికి వెళ్ళింది. దుకాణంలో ఆ రకం లేదు, వేరే కంపెనీది దొరికింది. అదీ కూనలదే, ధర కొంచెం తక్కువ. పొద్దున గిన్నెలో కొత్తది వేస్తే చారాణ వాసన చూసి, మట్టి కప్పినట్టు ముందుకాలితో గిన్నె చుట్టూ గీకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కూడా అంతే. "ఆకలైతే అదే తింటది, ఊకోండ్రి" అంది పక్కింటి అత్త. మనుషుల విషయంలో ఆ మాట నిజమేమో గానీ పిల్లికూన విషయంలో కాదు. చిన్న కూన ఒక రోజంతా ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. పెద్ద పిల్లి రోజుల తరబడి తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి జబ్బు చేస్తుంది. పిల్లి మొండితనంతో పందెం వేయకూడదు.

కొత్త తిండిని 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలని డాక్టరమ్మ మొదటే చెప్పింది. ఒక్కసారి మారిస్తే కడుపు మళ్ళీ చెడుతుందని కూడా చెప్పింది. ఈ మాట విని నాయినమ్మ లేచి కూర్చుంది. తన సంగతి చెప్పింది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పుడు ఆమెకు గటక, జొన్నరొట్టె తప్ప వేరే తెలియదు. ఇక్కడ పొద్దున లేస్తే పావు. "పావు తింటే కడుపుల రాయి పడ్డట్టుండె బిడ్డా. నెల రోజులు మంచం పట్టిన. మా అత్త తెలివిగల్లది. పొద్దుగాల సగం పావు, రాత్రికి రొట్టె చేసి పెట్టింది. ఆరు నెలలకు గని ఈ ఊరు నా కడుపుల పడలే" అంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇరానీ హోటల్ పావు లేనిదే ఆమె చాయ్ తాగదు!

కలిపే లెక్క నాయినమ్మే పెట్టుకుంది, అణాల లెక్కలో. మొదటి రెండు రోజులు చారాణ కొత్తది, బారాణ పాతది. తర్వాత రెండు మూడు రోజులు ఆఠాణ కొత్తది, ఆఠాణ పాతది. ఆ తర్వాత బారాణ కొత్తది, చారాణ పాతది. చివరకు రూపాయికి రూపాయి కొత్తదే. మొదటిరోజు చారాణ మా లెక్కను ఓడించింది. పాత గింజలు ఒక్కొక్కటి ఏరుకొని తిని, కొత్తవి గిన్నె చుట్టూ వరుసగా వదిలేసింది. అప్పుడు రెండు రకాలనూ కలిపి వేడినీళ్ళలో నానబెట్టి, ముద్దగా మెదిపి పెట్టాం. ఏది పాతదో ఏది కొత్తదో దానికి తెలియలేదు. తిండి గోరువెచ్చగా ఉంటే వాసన బాగా వస్తుంది, పిల్లి వాసన చూసే తినాలా వద్దా అని తేల్చుకుంటుంది. ఒకరోజు విరేచనం కొంచెం పలుచబడితే, ముందుకు పోకుండా అదే పాళ్ళలో ఇంకొక రోజు ఆగాం. మొత్తం 9 రోజులు పట్టింది. ఆ తర్వాత రోజుకొక చెంచా నీళ్ళు తగ్గిస్తూ పొడి గింజలు నమలడం కూడా నేర్పాం. చిన్నప్పుడు ఒక్క రకమే తిన్న పిల్లి పెద్దయ్యాక వేరే ఏదీ ముట్టదట. అందుకే మెత్తటిదీ, గట్టిదీ రెండూ అలవాటు చేస్తున్నాం.

నా నోటుబుక్కులో ఇప్పుడు ఇట్లా ఉంది. వచ్చిన రోజు 380 గ్రాములు. పాలు తాగిన రెండు రోజులకు 350. ఆసుపత్రికి పోయి వచ్చిన వారానికి 430. జులై 20న 620. ఆగస్టు 17న 1 కిలో 20 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి, మాది పెరిగింది. 3 నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాం. ఎలుకను పట్టేంత పెద్దది ఇంకా కాలేదు గానీ, దాని వాసన వల్లనో ఏమో మాళా మీద చప్పుడు తగ్గింది. అమ్మ తునికాకు కట్టలు ఈ నెల ఒక్కటి కూడా పోలేదు.

మన దగ్గర ఎవరింటికైనా పిల్లికూన వస్తే నేను చెప్పేది ఇదే. ముందు తల్లి వస్తుందేమో దూరం నుంచి చూడండి. తల్లి రాకపోతే పళ్ళు వచ్చాయో లేదో చూడండి. పళ్ళు రాని పసికూన అయితే ఏదీ పోయకుండా వెచ్చగా చుట్టి నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, వాటికి వేరే పాలపొడి ఉంటుంది. పళ్ళు వచ్చినదానికి ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికిన కోడిమాంసం రెండు చెంచాలు పెట్టి, ఆ తర్వాత కూనల తిండికి నెమ్మదిగా మార్చండి. వారానికోసారి కిరాణా తక్కెడలో తూకం వేయించండి, ఏ సేటూ వద్దనడు. ఇంట్లో పెద్దవాళ్ళు పాలగిన్నె తెస్తే కోపం చేసుకోకండి. వాళ్ళ ఊరి పిల్లులు ఏం తినేవో అడగండి, జవాబు వాళ్ళే చెబుతారు. మనం ఇష్టపడి పెట్టేది ఒకటి, దాని ఒంటికి పట్టేది ఒకటి. రెండూ ఒకటయ్యేదాకా ఓపిక పట్టాలి.

– 9వ తరగతి విద్యార్థిని